వెనకవైపు రాసిన అంకె

"ఆ ఈసీజీ ఆవిడ నన్ను పైకి పంపించేసేదే మాస్టారూ."

వడ్రంగి కుర్చీలో కూలబడుతూనే అన్న మాట అది. పదిరోజుల కిందట ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి పరిగెత్తాడు. గుండె గీతలు బాగానే ఉన్నాయని గ్యాసు మాత్రలిచ్చి పంపేశారు. బస్సులో ఉండగా ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి. "మీ కాగితం మారిపోయింది, దిగి వెంటనే వెనక్కి రండి" అంది. వెళ్ళాడు. పూడిన రక్తనాళం తెరిచారు, బతికాడు.

"ఆస్పత్రి క్యాంటీన్ ఫోనట అది. ఎవరు చేశారో తెలీదంటున్నారు. ఆ తల్లి ఎవరో కనిపెట్టండి, దణ్ణం పెట్టుకోవాలి. ఇంకోటి, కాగితాలు మార్చినావిడ మీద రుజువు కావాలి. ఫిర్యాదిచ్చింది నేనే. ఈ మధ్యాహ్నం విచారణలో ఆవిడ ఉద్యోగం ఊడాలి."

డిటెక్టివ్‌ని ఊళ్ళో అందరూ స్కేలు మాస్టారంటారు. ఆయన నమ్మేది కొలతనే, మనుషుల్ని కాదు. మేనకోడలే ఆయనకి టైపిస్టు, సహాయకురాలు. మావయ్య దగ్గితే అదీ రాసుకునే రకం.

ఆస్పత్రిలో ఈసీజీ గది అలమారంత ఉంది. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న ఈసీజీ ఆవిడ మిషను తుడుస్తోంది.

"కాగితం మీద పేరు నువ్వే రాస్తావా అమ్మా?"

"మంచం నంబరు రాస్తాను సార్, వెనకవైపు."

"ముందు రాయొచ్చుగా?"

"గీతల మీద గీకొద్దని డ్యూటీ డాక్టరుగారు కేకలేశారు. వారు దాన్ని కేసు షీటుకి జిగురుతో అంటిస్తారు."

"గీతలు చదవడం వచ్చా?"

ఆవిడ తల దించుకుంది. "తీయడమే మా పని. ఒకసారి గీత బాలేదని నోరు జారితే మెమో ఇచ్చారు."

"పద్దెనిమిదేళ్ళు తీసినా చదవకూడదు కాబోలు" అని సణిగింది మేనకోడలు.

మాస్టారు రెండు కేసు షీట్లు తెప్పించుకున్నాడు. ఒకటి నాలుగో మంచం వడ్రంగిది. రెండోది ఆరోజే నొప్పితో ఐదో మంచంలో చేరిన కండక్టరుది. నర్సు రాసిన నాడి వడ్రంగికి నూటపది, కండక్టరుకి అరవై. కండక్టరు షీటులో ఈసీజీలు రెండున్నాయి. రెండోదాని పక్కన "మొదటిది చెరిగింది" అని ఉంది. మొదటిది అద్దంలా శుభ్రంగా ఉంది.

మధ్యాహ్నం పెద్ద డాక్టరమ్మ గదిలో అందరూ చేరారు. ఎవరినో ఒకరిని బలిపెట్టి ఇళ్ళకు పోదామన్న తొందర కొందరి మొహాల్లో కనిపిస్తూనే ఉంది.

"వడ్రంగి షీటులో ఉన్న కాగితం ఇది" అన్నాడు మాస్టారు. "గుండె ఒకసారి కొట్టుకోడానికీ మళ్ళీ కొట్టుకోడానికీ మధ్య ఐదు పెద్ద గళ్ళు. మూడువందల్ని ఐదుతో భాగిస్తే నిమిషానికి అరవై. కానీ నాడి నూటపది. అంటే ఇది కండక్టరు గుండె. కండక్టరు షీటులో మొదటిది చూడండి, మూడు గళ్ళయినా లేవు. గీత గుట్టలా పైకి లేచింది. ఇది వడ్రంగి గుండెపోటు."

"నంబర్లు తప్పు రాసిందావిడే" అన్నాడు డ్యూటీ డాక్టరు.

మాస్టారు కండక్టరు షీటుని కిటికీకి ఆనించి పట్టుకున్నాడు. అంటించిన కాగితం వెనక నుంచి నాలుగు అంకె తిరగబడి కనబడింది.

"సరిగ్గానే రాసింది. మీరు తిప్పి చూడకుండా అంటించారు."

డ్యూటీ డాక్టరు నుదురు తుడుచుకున్నాడు. "ఒకేసారి రెండూ టేబుల్ మీద ఉన్నాయి. హడావిడిలో..." అన్నాడు.

"ఆ కాగితం చూసి కండక్టరుకి గడ్డ కరిగించే ఇంజెక్షను సిద్ధం చేశారు" అన్నాడు మాస్టారు. "ఆయన కడుపులో పుండు ఉందని ఈ షీటులోనే ఉంది. ఇచ్చుంటే లోపల రక్తం కారేది. గుట్ట లాంటి గీత ఐదో మంచానిది కాదని తెలిసినావిడ, చెరిగిందని అబద్ధమాడి మళ్ళీ తీసింది. ఇంజెక్షను ఆగింది. అప్పటికి నాలుగో మంచం ఖాళీ. రిజిస్టర్లో వడ్రంగి ఫోను నంబరు చూసి క్యాంటీన్‌కి పరిగెత్తింది."

"ఎందుకు చెప్పలేదమ్మా?" అంది పెద్ద డాక్టరమ్మ.

"చదవగలనని ఒప్పుకుంటే ఇంకో మెమో ఇస్తారనండి."

పెద్ద డాక్టరమ్మ ఆ పాత మెమో తెమ్మంది, కొట్టేసి సంతకం పెట్టింది. "రేపట్నుంచి నీకు అనుమానమొస్తే ముందు నాకే చెప్పు" అంది.

వడ్రంగి లేచాడు. దణ్ణం పెట్టాల్సినావిడా, ఉద్యోగం ఊడగొట్టాలనుకున్నావిడా ఒక్కరే అయ్యేసరికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అమ్మా..." అన్నాడు.

ఆవిడ అతని మొహంలోకి చూసింది. "పొద్దుటి మాత్ర వేసుకున్నారా?"

"కోపంలో మర్చిపోయానమ్మా."

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు అందించింది. అతను రెండు చేతులా అందుకుని, అందరిముందూ మాత్ర మింగాడు.