మూలన మైకు గుర్తు

ఆ గదికి కిటికీలు లేవు. గోడల నిండా మందపాటి నల్ల స్పాంజి అంటించారు. తలుపు వేస్తే పట్టపగలు కూడా చీకటే. బల్ల మీద చిన్న దీపం, కంప్యూటర్ తెర, అంతే వెలుగు. పాత కాగితాల వాసన, చెమ్మ వాసన కలిసిపోయి ఉండేవి. చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గది అది.

అక్కడ చదివే మనిషిని ఇంట్లో చంటి అంటారు. ముప్పై దాటినా ఇంకా చంటే. ఆమెకంటే ముందు ఆ కుర్చీ ఆమె పిన్నిది. చంటి నాన్నకి చూపు పోయినప్పుడు, బావగారికి పుస్తకాలు దూరం కాకూడదని పిన్ని ఈ పనిలో చేరింది. ఏళ్ళ తరబడి చదివింది. పోయిన చలికాలంలో, హెడ్‌ఫోన్లు చెవులకి ఉండగానే, ఆ కుర్చీలోనే ప్రాణం విడిచింది.

పిన్ని నేర్పిన పద్ధతి ఒకటుంది. చదవడంలో తప్పు దొర్లితే రికార్డింగ్ ఆపకూడదు. పెన్నుతో బల్ల మీద టక్‌మని కొట్టి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్ళీ చదవాలి. తర్వాత ఆ చప్పుడుని బట్టి తప్పు ముక్కని కత్తిరించేస్తారు. ఇంకో మాట కూడా చెప్పేది. తెర అడుగున టాస్క్‌బార్‌లో, కుడి మూలన, మైకు గుర్తు ఎప్పుడూ కనబడుతూ ఉండాలి.

"అది కనబడితే ఎవరో వింటున్నట్టే చంటీ. ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువుతాం."

కొన్నాళ్ళు చంటి అలాగే చదివింది. ఆ తర్వాత బద్ధకం పట్టుకుంది. పొడుగాటి వర్ణన వస్తే దాటేసేది. కొన్నాళ్ళకి పేజీలకి పేజీలే దాటేసింది. చూపులేనివాళ్ళని మోసం చెయ్యడమంత తేలిక పని ఇంకోటి లేదు. అంత నీచమైన పని కూడా ఇంకోటి లేదు. ఆ వినేవాళ్ళలో సొంత నాన్న ఉన్నాడు. "మా చంటి అక్షరం వదలదు" అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆ నమ్మకం పోతే ఆయన ముందు తలెత్తుకోలేనని చంటికి తెలుసు. తెలిసీ మానలేదు.

మూలనున్న ఆ గుర్తు మాత్రం కంట్లో నలుసులా ఉండేది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కనబడకుండా చేసింది. మర్నాడు మళ్ళీ ఉంది. మళ్ళీ తీసేసింది. మళ్ళీ వచ్చింది. విసుగెత్తి రిపేరు చేసే అతన్ని పిలిపించింది.

"ఇది అచ్చం మా అత్తగారే మేడమ్" అని నవ్వాడతను. "సరే సరే అంటుంది. చేసేది మాత్రం తన ఇష్టమే."

చాలాసేపు కుస్తీ పట్టాడు. అన్నీ తుడిచేసి కొత్తగా ఎక్కించాడు. గుర్తు పోయింది. ఆపి, మళ్ళీ ఆన్ చేశాడు. గుర్తు ఉంది. అతని నవ్వు ఆగిపోయింది.

"సెట్టింగ్ సేవ్ అవుతోంది మేడమ్. నా కళ్ళ ముందే అయింది."

"మరి?"

అతను గొంతు తగ్గించాడు. "తర్వాత ఎవరో మారుస్తున్నారు... ఈ సిస్టమ్ మీద ఇంకెవరు కూర్చుంటారు?"

"ఎవరూ లేరు. నేనే."

అతను కుర్చీ వైపు చూశాడు. పోసిన టీ తాగకుండానే సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నాన్న భోజనం దగ్గర అన్నాడు, "కొత్త పుస్తకం బాగుందమ్మా. మధ్యమధ్యలో మీ పిన్ని గొంతు పెట్టావు చూడూ... ఎన్నాళ్ళకి విన్నాను!"

చంటి కంచంలోంచి తలెత్తింది. "ఎక్కడ నాన్నా?"

"అదే, ఆ నది వర్ణన దగ్గర."

నది వర్ణన చంటి చదవలేదు. ఆ పుస్తకం అచ్చయిందే పిన్ని పోయాక.

మర్నాడు తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ చోటు వెతికి వింది. తన గొంతు వాక్యం ముగించింది. కాసేపు నిశ్శబ్దం. టక్. ఎవరో ఊపిరి తీసుకున్నారు. తర్వాత పిన్ని చదవడం మొదలుపెట్టింది... తొందర లేకుండా... ఒక్క మాటా వదలకుండా.

చంటి మైకు వైరు పీకేసింది. వైరు చేతిలో ఉంది. మూలన గుర్తు అలాగే ఉంది. మౌస్ బాణాన్ని దాని మీదికి జరిపితే చిన్న అక్షరాలు తేలాయి. మైకు వాడుకలో ఉంది.

"చదువుతాను పిన్నీ" అంది గుసగుసగా. "అన్నీ చదువుతాను."

వైరు మళ్ళీ పెట్టి, దాటేసిన ప్రతి ముక్కా చదివింది. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. చివర్న విని చూసింది. ఎక్కడా చప్పుడు లేదు. తన గొంతు తప్ప వేరే గొంతు లేదు. సెట్టింగ్స్ తెరిచి మైకు గుర్తు తీసేసి, ఆపి, ఆన్ చేసింది.

మూల ఖాళీగా ఉంది.

చంటికి ఏడుపొచ్చింది. పిన్ని తనని వదిలిపోయింది అనుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న వాలుకుర్చీలో ఉన్నాడు. పక్కన బల్ల మీద ఆయన పుస్తకాలు వినే పాత కంప్యూటర్ వెలుగుతోంది.

"చంటీ, ఒక్క మాట అడుగుతాను. పిన్ని గొంతు ఎందుకు పెట్టాల్సొచ్చింది? నువ్వేమైనా వదిలేశావా తల్లీ?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. ఆయన కోప్పడేవాడు కూడా కాదు. కానీ చంటి ఆ ముఖం చూసింది, భయపడింది.

"లేదు నాన్నా. నేనెప్పుడూ ఒక్క వాక్యం కూడా వదల్లేదు."

టక్.

బల్ల మీద. దగ్గరగా.

నాన్న చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. చంటి మెల్లగా తెర వైపు తిరిగింది. ఆ కంప్యూటర్‌కి మైకు లేదు. ఎప్పుడూ లేదు. కుడి మూలన, టాస్క్‌బార్‌లో, మైకు గుర్తు ఉంది.

"వాక్యం మొదటి నుంచి..." అని వినబడింది.

నాన్న పెదవులు కదల్లేదు.