కొస కనిపిస్తే బాలయ్య ఊరుకోడు

కోరుట్ల నుంచి వచ్చిన శ్రీశైలం కొత్త నెట్‌వర్క్ స్విచ్ బిగించి, చాయ్ తాగి, అడగని సలహాలు కూడా ఇచ్చి వెళ్ళాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో నెట్ పోయింది.

అమృత ఫోన్ చేసింది.

"ఏం బిగించినవో గని బ్రహ్మాండంగున్నది. ఒక్క కంప్యూటర్‌ల గూడ నెట్ లేదు. అచ్చి దండేసి పో."

"స్విచ్‌కు కరెంటున్నదా మేడం?"

"ఉన్నది. లైట్లన్ని జాతరల లెక్క కొట్టుకుంటున్నయ్."

సిరిసిల్లలోని ఆ షెడ్డులో మొన్నటిదాకా మరమగ్గాలు ఆడేవి. అవి తుక్కు కింద పోయాక అమృత నెట్ సెంటర్ పెట్టింది. ఊరు ఖాళీ అవుతున్నకొద్దీ ఆమె గిరాకీ పెరుగుతోంది, అదీ ఒక అదృష్టమే. ఈరోజు పదకొండింటికి మస్కట్ కంపెనీ వీడియో ఇంటర్వ్యూ. పని లేని నలుగురు నేత కార్మికులు ఇస్త్రీ చొక్కాలతో బెంచీ మీద కూర్చున్నారు. నెట్ రాలేదని కంపెనీ ఆగదు.

మలుపు దగ్గరి మంగలి షాపు నుంచి శ్రీశైలం ఒక చెంప గీయించుకుని, ఇంకో చెంప మీద సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చాడు.

"వైరు సూసుటానికి గంత సోకెందుకు?"

"ఇంటర్వ్యూకు నేను గూడ కూసుంటున్న."

ఏడాదిగా రిపేరు లేని రిపేర్లకు అమృత పిలుస్తోంది, అతను వస్తున్నాడు. ఇప్పుడు మస్కటట.

అతను అడాప్టర్ పీకి పెట్టాడు, రౌటర్ నుంచి వచ్చే వైరు నొక్కి చూశాడు. అప్పుడే ఆమెకు కనిపించింది. రేపు రాబోయే కంప్యూటర్ కోసం ఒక కొస స్విచ్‌లో పెట్టి వదిలిన వైరుకు ఇప్పుడు రెండు కొసలూ స్విచ్‌లోనే ఉన్నాయి. అట్లా పెడితే మొత్తం జామ్ అవుతుందని పొద్దున అతనే చెప్పాడు.

నోరు మూసుకుంటే చాలు, పదకొండు దాటిపోతుంది, మనిషి ఇక్కడే ఉంటాడు. కానీ బెంచీ మీద ఆ నలుగురు. తనను తానే తిట్టుకుంటూ ఒక కొస పీకేసింది. లైట్లు నిదానించాయి, నెట్ వచ్చింది.

"గిదెవలు పెట్టిన్రు?" అన్నాడు శ్రీశైలం.

"నేనే," అన్నాడు అమృత తండ్రి బాలయ్య. "మగ్గం కాడ ముసలోన్నైన. కొస ఏలాడుతుంటె ఎట్ల ఊకుంట? పక్కన బొక్క ఖాళీగుంటె అండ్ల పెట్టిన."

"మంచి పనైంది బాపు. నువ్వొక్కనివే మస్కట్‌ను ఆపినవ్," అంది అమృత.

ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. నలుగురిలో ముగ్గురిని తీసుకున్నారు. వాళ్ళ మొహాలూ, మిగిలినవాడి మొహమూ ఒక్క తీరుగానే ఉన్నాయి. చివరికి శ్రీశైలం కూర్చున్నాడు.

"మస్కట్ ఎందుకు రావాలనుకుంటున్నావు?" అన్నాడు తెరమీది ఏజెంటు.

"పెండ్లి చేసుకోవాలె సార్. గల్ఫ్ పైసలు లేకుంటె పిల్లనియ్యరు."

"పిల్లను చూశావా?"

"నా ఎనుకనే నిలవడ్డది సార్."

స్పీకరు గట్టిగానే ఉంది. షెడ్డంతా విన్నది.

"గా పిల్లనడిగినవా?" కోపంగానే మొదలుపెట్టింది అమృత. "నువ్వు పోతవని ఇందాక గా వైరు తియ్యబుద్ధి గాలె. సూసి గూడ కొద్దిసేపు ఊకున్న."

శ్రీశైలం తెరవైపు చూడటం మానేశాడు.

బాలయ్య గొంతు సవరించుకున్నాడు. "మా తమ్ముడు గల్ఫ్ పోయి ఎన్నేండ్లాయెనో. ఆని పిల్లలకు బాపంటె ఫోన్‌ల మొకమే. ఫోన్‌ల కనవడే అల్లుడు నాకద్దు."

"ఏమయ్యా, వస్తున్నావా లేదా?" అన్నాడు ఏజెంటు.

"రాను సార్."

"రేపు మీ అవ్వను, బాపును తోలుకరా పిల్లగా," అన్నాడు బాలయ్య.

"ఇయ్యాలనే తోలుకస్త, అద్దా?" అన్నాడు శ్రీశైలం.

"ముందుగాల గా రెండో చెంప గీయించుకొని రా," అంది అమృత.