సాపు ప్రతి

నలభై రోజులు సైకిలు తొక్కి దేశం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళొచ్చిన పెద్దకోడలు, హాల్లోంచి వంటింటి దాకా నడవలేక కూర్చున్నచోటి నుంచే కాఫీ అడిగింది. పేదపిల్లల చదువుకు విరాళాలు పోగుచేసిన యాత్ర అది. సాయంత్రం ఆమెకు సన్మానం.

కప్పు అందిస్తూ చిన్నకోడలు మెల్లగా అంది. "అక్కా, బళ్ళో సైన్సు టీచరుగా రమ్మని ఉత్తరం వచ్చింది. సోమవారం చేరాలి."

"మరి నా పిల్లల్ని ఎవరు చూస్తారే? నాకు ఆఫీసుందిగా!" పెద్దకోడలు ఆ ఉత్తరం అందుకుని, అందులోని హెడ్మాస్టరు నంబరుకు తనే ఫోను చేసి, "ఆమెకు వీలు కాదండీ" అని పెట్టేసింది. "హమ్మయ్య! ఇదిగో, నా ప్రసంగం. అసమానతల మీద. నీ అక్షరాలు ముత్యాలు కదా, కాస్త సాపు చేసిపెట్టు."

ఆరేళ్ళు ఎదురుచూసిన ఉద్యోగం అర నిమిషంలో పోయింది. చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. కలం తీసింది.

రెండో పేజీలో ఒక వంటావిడ ఉంది. యాత్రికులందరికీ వడ్డించి, చివర మిగిలింది తిన్న మనిషి. "ఆమె చాకిరీకి సెలవు లేదు, గుర్తింపు లేదు" అన్న మాటల కింద చిన్నకోడలు తన సొంత వాక్యాలు నాలుగు ముచ్చటగా చేర్చింది.

"ఒకసారి చూసుకో అక్కా."

"నేను రాసిందేగా, చూసేదేముంది!"

సభలో చిన్నకోడలు ముందు వరసలో కూర్చుంది, అక్క మొహం మాడిపోవడం దగ్గర్నుంచి చూడాలని.

"...గుర్తింపు లేదు. అలాంటి మనిషి మా ఇంట్లోనూ ఉంది. నా తోడికోడలు. నేను ఊరూరా తిరుగుతుంటే నా పిల్లల జ్వరాలు చూసింది. తనకొచ్చిన ఉద్యోగాన్ని..."

ముందున్న వాక్యం చూసి ఆగింది. పేజీ తిప్పేస్తే ఎవరికీ తెలియదు. పెద్దకోడలు తిప్పలేదు.

"...ఈ పొద్దున నేనే వద్దనేశాను."

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. "ఎంత నిజాయితీ!" అంటూ పక్కావిడ కళ్ళొత్తుకుంది. చిన్నకోడలు పళ్ళు నూరింది. పగ తీర్చుకుంటే ఆ మెప్పు కూడా అక్కకేనా!

కారెక్కగానే పెద్దకోడలు విరుచుకుపడింది. "ఎంత పొగరే నీకు! అంతమంది ముందు నా పరువు తీస్తావా?"

"ఎక్కడ తీశాను? లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారుగా."

"అదేనే!" పెద్దకోడలు ప్రసంగం కాగితాలు ఒళ్ళో పడేసింది. "ఆ చప్పట్లకే సిగ్గుతో చచ్చిపోయాను. ఎక్కడో ఎవరో వంటావిడ కోసం ఏడ్చాను. మన వంటింటివైపు ఒక్కసారి చూళ్ళేదు."

వెంటనే హెడ్మాస్టరుకు ఫోను చేసింది. "పొద్దున మాట్లాడింది నేనేనండీ. ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు. తనతో మాట్లాడండి."

చిన్నకోడలు ఫోను అందుకుంది. "సోమవారం తొమ్మిదికల్లా వస్తానండీ," అని పెట్టేసింది. అక్కవైపు తిరిగింది. "మరి పిల్లలు?"

"వాళ్ళకి అమ్మా నాన్నా ఉన్నారు లేవే."

అంతే, పెద్దకోడలు భోరుమంది. చిన్నకోడలు కొంగుతో అక్క కళ్ళు తుడిచింది, అవసరమైనదానికంటే కాస్త గట్టిగానే.