చొక్కా లోపలి జేబు

ఆ ఇంట్లో రోజు తూకంతో మొదలయ్యేది. మొహం కడుక్కోగానే నాన్న బరువు చూసే మిషనెక్కాలి, కూతురు వంగి అంకె చూడాలి. ఆయన కిడ్నీలు మొరాయించి డయాలసిస్ మొదలైనప్పటి నుంచీ అదే పద్ధతి. బరువు పెరిగిందంటే ఒంట్లో నీరు చేరినట్టే.

"మళ్లీ పెరిగావు."

"బంగారం మింగానేమో చూడు."

"వేళాకోళాలొద్దు నాన్నా. దొంగచాటుగా నీళ్లు తాగుతున్నావు కదూ?"

"నువ్విచ్చే ఆ బుల్లి గ్లాసేనమ్మా. నాలుక అట్టముక్కైపోయింది."

"మరి గాలి పీల్చి పెరిగావా?"

పెద్దాయన చొక్కా సర్దుకుని దిగాడు. కూతురు ఆయన గ్లాసులోని నీళ్లు సగం తిరిగి కూజాలో పోసేసింది.

ఆయన బతుకంతా దర్జీ పనే. డయాలసిస్ సూదుల కోసం ఎడమచేతికి ఆపరేషన్ చేశాక, ఆ చెయ్యి జాగ్రత్త అన్నాడు డాక్టరు. రక్తం గడ్డకట్టకుండా మందిస్తారు కాబట్టి తెగితే తొందరగా ఆగదని కూడా అన్నాడు. కూతురు ఆ రెండు మాటలూ పట్టుకుంది. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేసింది. కత్తెర బీరువాలో పెట్టేసింది. నాన్నను ఇంకొన్నాళ్లు ఉంచమని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ వచ్చింది.

ఆ రోజు ఆసుపత్రి తూకంలోనూ అదే ఎక్కువ కనిపించింది. పెరిగిన బరువును బట్టి నీరు ఎక్కువగా లాగారు. సగంలోనే ఆయన పిక్కలు పట్టేశాయి. బీపీ పడిపోయింది, కళ్లు తేలేశాడు. నర్సులు మిషను తగ్గించి, సెలైన్ ఎక్కించి, ఆయన్ని మళ్లీ మనిషిని చేసేసరికి కూతురికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇంటికొచ్చాక చెమటకు తడిసిన చొక్కా విప్పబోయింది. ఆయన గబుక్కున పక్కటెముకల దగ్గర అదిమి పట్టుకున్నాడు.

"నేను మార్చుకుంటాలే, నువ్వెళ్లు."

"నిలబడే ఓపిక లేదు, పైగా సిగ్గొకటి!"

ఆమె లాగేసరికి ఏదో ధన్‌మని నేలమీద పడింది. పెద్ద ఇనప కత్తెర. చొక్కా లోపల, చంక కింద, సన్నని చేతికుట్టుతో కొత్త జేబు.

ఎక్కువైన బరువు ఎక్కడిదో ఆమెకు అప్పుడర్థమైంది. ఒంట్లో లేని నీటిని లాగించారు.

"దీన్ని పెట్టుకునే తూకమెక్కావా? ప్రాణం పోయుండేది! దీని బరువు కూడా కలుస్తుందని తట్టలేదా నీకు?"

"లేదమ్మా. ఇన్నేళ్లు చేతిలోనే ఉంది. దానికి బరువుందనే ఎప్పుడూ అనిపించలేదు."

"బీరువాలోంచి ఎందుకు తీశావు? దీంతో ఏం చేద్దామని?"

"ఏమీ చెయ్యను. ఊరికే ఉంటుంది." ఆయన గోడకేసి చూశాడు. "ఒకరోజు సూదులు పొడిపించుకుంటాను, మర్నాడు ఆ నీరసంతో పడుకుంటాను. మళ్లీ సూదులు. నేనేమీ గొణగట్లేదు. కానీ దేనికోసం పొడిపించుకుంటున్నానో అదొకటి ఉండాలి కదా తల్లీ?"

ఆమె కత్తెర తీసుకుని అక్కడే కూలబడింది. పిడికి ఆయన చుట్టుకున్న గుడ్డపేలిక నున్నగా అరిగి ఉంది. ఉంచమనే అడిగింది దేవుణ్ని. ఎలా ఉంచాలన్నది దేవుడి పనో, తన పనో ఎన్నడూ ఆలోచించలేదు.

మర్నాడు తూకానికి ముందు చెయ్యి చాపింది. ఆయన బుద్ధిగా కత్తెర ఇచ్చి మిషనెక్కాడు. అంకె సరిగ్గా ఉంది. ఆమె బుల్లి గ్లాసు నిండా నీళ్లు పోసిచ్చి, కుట్టుమిషన్ మీది దుప్పటి తీసేసింది.

"మీ అల్లుడి ప్యాంటు నేలమీద ఈడుస్తోంది. కుడిచేత్తోనే కత్తిరించాలి. బట్ట నేను పట్టుకుంటాను."

"వంకరగా పట్టుకుంటే ఊరుకోను."

"అబ్బో, అప్పుడే పెత్తనం మొదలెట్టావూ!"

ఆయన చాక్‌ముక్కతో గీత గీశాడు. కత్తెర కరకరమంటూ ఆ గీత మీద నడిచింది. ఆమె తల వంచుకునే బట్ట పట్టుకుంది.

"ఏడిస్తే పక్కకు తిరిగి ఏడువమ్మా," అన్నాడు దర్జీ, తలెత్తకుండా. "చాక్ గీత చెరిగిపోతుంది."