రేవులవలసలో తేటపలక

2079 నాటికి మనుషులు చాలా వాటి కోసం ఎదురుచూడడం మానేశారు. డ్రైవరు లేని బస్సు వేళ తప్పకుండా వస్తోంది. జ్వరం రాబోయే ముందురోజే మాత్ర ఇంటికి చేరుతోంది. చంద్రుడి మీదకి వారానికి రెండు ఓడలు నడుస్తున్నాయి. రేవులవలస వాళ్ళు మాత్రం ఏరు దాటడానికి ఇంకా పడవ కోసమే ఎదురుచూస్తున్నారు. వంతెన కట్టిస్తామని ఇప్పటికి నలుగురు మంత్రులు మాటిచ్చారు. మాటలు మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు.

అందుకే డాక్టర్ హిరణ్మయి తన యంత్రాన్ని పరీక్షించడానికి ఏరికోరి ఈ ఊరే ఎంచుకుంది. తొమ్మిదేళ్ళు తిండీ నిద్రా మానుకుని చేసిన యంత్రం అది. కాగితాల మీద దాని పేరు ‘అంతరార్థ విశ్లేషిణి’. అంత పేరు పలకలేక ప్రయోగశాలలో అందరూ తేటపలక అనేవారు. ఈ రోజు గట్టెక్కితే రాష్ట్రంలో ప్రతి సభలోనూ ఒక తేటపలక ఉండాలని చట్టం వస్తుంది. గట్టెక్కకపోతే గోదాములో మూల పడుతుంది. ఆమెకి పొద్దున్నుంచి కాఫీ కూడా సయించలేదు.

“ఇది ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చెప్పండి మేడమ్” అన్నాడు కలెక్టర్ ఫణీంద్ర, వేదిక మీద నిలబెట్టిన నిలువెత్తు నల్లని పలక చుట్టూ తిరిగి చూస్తూ. పరీక్ష నివేదిక రాయాల్సింది ఆయనే.

“మైకులో పడిన గొంతుని సెన్సర్లు పట్టుకుంటాయండీ. గొంతు వణుకు, ఊపిరి, మాటకీ మాటకీ మధ్య ఆగిన సమయం, అన్నీ లెక్కలోకి వస్తాయి. లోపలి న్యూరల్ చిప్‌కి మూడు లక్షల రాజకీయ ప్రసంగాలు నేర్పాను. ఏ మాట అన్నాక ఏం జరిగిందో, ఏం జరగలేదో దానికి తెలుసు. మాట ఒకటి, మనసులో ఉన్నది వేరొకటి అయితే, మనసులోది పలక మీద తెలుగులో వస్తుంది. రెండూ ఒకటే అయితే పలక ఖాళీగా ఉంటుంది.”

“మరి మామూలు జనం మాట్లాడితే?”

“వాళ్ళకి ఇది అక్కర్లేదు కదండీ. ఉన్నదున్నట్టు మాట్లాడతారు” అంది హిరణ్మయి ధీమాగా.

“ఇబ్బందైతే ఆపే మీట ఏదీ?”

ఆమె పలక పక్కనున్న చిన్న గాజుబిళ్ళ చూపించింది. “నా బొటనవేలు పడితేనే ఆగుతుంది. ఏ నాయకుడూ ఆపలేడు.” ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది.

అర్జీల సభ మొదలైంది. మొదటి అర్జీ అవతలి ఒడ్డు నుంచి కూరగాయల బుట్టతో వచ్చిన అసిరమ్మది.

“పదకొండేళ్ళ నుండి తిరుగుతన్నాను బాబూ. వంతెన ఎప్పుడేత్తారు?”

పలక ఖాళీగా ఉంది. హిరణ్మయి కలెక్టర్ వైపు చూసి తలాడించింది.

వేదిక మీదున్న మంత్రి తవిటినాయుడు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, మీ వంతెన నా గుండెల్లో ఉంది. సాధ్యాసాధ్యాలు పరిశీలించి, యుద్ధప్రాతిపదికన తగు చర్యలు తీసుకుంటాం.”

పలక మీద అక్షరాలు వెలిగాయి: ‘గుండెల్లో తప్ప ఇంకెక్కడా లేదు. కట్టను.’

జనం గొల్లుమన్నారు. మంత్రి చెమట తుడుచుకున్నాడు. “ఇది ప్రతిపక్షాల కుట్ర!” ‘దొరికిపోయాను.’ “నా మాటల్ని వక్రీకరిస్తున్నారు!” ‘సరిగ్గా చెప్పేస్తోంది.’ “దీనిపై నిపుణుల కమిటీ వేస్తాను!” ‘అందరూ మరిచిపోయేదాకా ఆగుతాను.’

హిరణ్మయికి ఈలవేసి గంతులేయాలనిపించింది. పెద్దమనిషి తరహా కాదని ఊరుకుంది.

చివరికి మంత్రి కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నలభయ్యేళ్ళుగా మోస్తున్న బరువు దించినట్టు నిట్టూర్చాడు. “ఇనమ్మా. వంతెన అవ్వదు. ఆ ఒడ్డున ఉన్నవి మూడొందల ఓట్లు. ఇటేపు ముప్ఫైవేలు. ఏటి కట్టినా ఇటే కడతాం. నా తరవాతోడూ అదే సేత్తాడు.”

పలక ఖాళీ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అసిరమ్మ అర్జీని మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. “ఏటా ఇంటికెల్లి మా కోడలితో, ‘ఈపాలి అయిపోద్దంట’ అనీదాన్ని. పిల్లలు ఇని, ‘వంతెన మీద సైకిలు తొక్కుతాం’ అనీవోరు. ఈయేల ఏటని సెప్పీది?” అని హిరణ్మయిని అడిగింది. మంత్రిని కాదు. తొమ్మిదేళ్ళలో ఈ ప్రశ్న హిరణ్మయికి ఒక్కసారీ తట్టలేదు.

కలెక్టర్ మైకు జనం వైపు తిప్పాడు. “ఈ యంత్రం ప్రతి సభలోనూ కావాలా, వద్దా? మీ అభిప్రాయం చెప్పండి.”

ముందుగా ఊరి పెద్ద లేచాడు. “మంచి యంత్రమే బాబూ. ఇంట్లోవోల్లతో ఆలోసించి సెప్తాం.”

పలక మీద వెలిగింది: ‘వద్దు.’

హిరణ్మయి కళ్ళు నులుముకుంది.

రెండోవాడు, “పెద్దలు ఎలాగంటే అలాగే” అన్నాడు. ‘వెంటనే తీసుకుపొండి.’ కాలేజీ లెక్చరర్ ఒకాయన చేతులు కట్టుకుని, “సాంకేతిక ప్రగతిని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే సమాజం ఇంకా సిద్ధపడాలి” అన్నాడు. ‘మా ఇంట్లో ఇది పెడితే నా కాపురం కూలుతుంది.’ ఆయన భార్య వెనక వరసలోంచి లేచి నిలబడింది. ఆయన గబగబా కూర్చున్నాడు.

చివర అసిరమ్మ మైకు దగ్గరికి వచ్చింది. “నాకొద్దమ్మా. నిజం ఇంటికి అట్టుకెల్లి ఏటి సేసుకోను?”

దానికి పలక ఏమీ రాయలేదు.

మూడు లక్షల రాజకీయ ప్రసంగాలు నేర్పిన చిప్‌కి జనం మాటలు ఇంత సులువుగా ఎలా అర్థమయ్యాయో హిరణ్మయికి అంతుపట్టలేదు. ఆ భాష రాజకీయ నాయకులే పుట్టించారని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. వాళ్ళు మాత్రం ఎక్కడ నేర్చుకున్నారు? ఇలాంటి ఊళ్ళలోనే, ఇలాంటి ఇళ్ళలోనే కదా! అదెంత వింతో ఇంకా పూర్తిగా ఆలోచించుకోకముందే కలెక్టర్ మైకు ఆమె ముందు పెట్టాడు.

“నివేదికలో మీ స్పందన కూడా రాయాలి మేడమ్. ప్రజలు వద్దన్నారు. మీరేమంటారు?”

హిరణ్మయి తడుముకోలేదు. తల పైకెత్తి, చిరునవ్వు తెచ్చుకుని అంది. “ప్రజల తీర్పుని శిరసావహిస్తాను.”

వెనక పలక వెలిగింది. తిరిగి చూడక్కర్లేకపోయింది. ముందు వరసలో కూర్చున్న పిల్ల గొంతెత్తి చదివేసింది: ‘ఈ జనానికి ఏం తెలుసు! నా తొమ్మిదేళ్ళు మట్టిపాలు చేశారు.’

సభంతా విరగబడి నవ్వింది. తవిటినాయుడు కూడా నవ్వాడు. ఆనక కండువా భుజాన వేసుకుని ఆమె దగ్గరికి వచ్చి, మైకు ఉందని కూడా చూసుకోకుండా అన్నాడు.

“డాక్టరుగారూ, మీరు మా పార్టీలోకి రండి. వచ్చే ఎన్నికల్లో టికెట్టు మీదే.”

అందరూ పలక వైపు చూశారు. అది ఖాళీగానే ఉంది.

జవాబు చెప్పడానికి నోరు తెరవబోయిన హిరణ్మయి, ముందుగా వెళ్ళి గాజుబిళ్ళ మీద బొటనవేలు పెట్టింది.