కాటా గది దగ్గర వయసడిగేది

కిదిర్‌పూర్ ఓడల డాకు వెనకాల, అక్కడ పనికొచ్చిన మన తెలుగువాళ్ళ ఇళ్ళ లైను దాటగానే పాత కాటా గది ఉండేది. ఒకప్పుడు లారీలు తూచే చోటు. తలుపు ఊడిపోయి, కిటికీకి చువ్వలు మాత్రం మిగిలి, పగలు చూస్తే మేకలు కట్టుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాని కొంప. రాత్రయితే మాత్రం... వయసు మీదున్న మగాళ్ళు కూడా అటు తల తిప్పేవాళ్ళు కాదు.

ఎనభై ఆరులో సంగతి ఇది. ఆ ఏడు వానాకాలంలో లైనులో ఉండే దాలమ్మ కొడుకు రాత్రిపూట వ్యాగన్ల మధ్య ఆడుకుంటూ చక్రాల కింద పడి చచ్చిపోయాడు. పదమూడేళ్ళు. అప్పుడు పెట్టింది లైను కమిటీ ఆ రూలు — రాత్రి తొమ్మిది సైరన్ కొట్టాక పదహారేళ్ళలోపు పిల్లలెవరూ గడప దాటకూడదు. దాటితే పేరు క్లబ్బు బోర్డు మీదికి ఎక్కుతుంది, తండ్రి అందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడాలి. మన పిల్లలు వింటారా? నాలుగు రోజులు విన్నారు, ఐదో రోజు గోడ దూకారు.

అదిగో, ఆ తర్వాతే కాటా గదిలో అది కనబడ్డం మొదలైంది. తెల్లగా, మనిషికి రెండింతలు. కేకలు వెయ్యదు, తరమదు. దగ్గరికొచ్చి గుసగుసగా ఒకటే అడుగుతుందట... నీకెన్నేళ్ళు అని. చచ్చిపోయిన పిల్లాడు తన ఈడువాళ్ళని తోడు తీసుకుపోవాలని తిరుగుతున్నాడనీ, పదహారు నిండినవాళ్ళ జోలికి మాత్రం రాడనీ పెద్దలు చెప్పారు. దాంతో తొమ్మిది కొట్టడం ఆలస్యం, లైనులో ఒక్క పిల్ల పురుగు కనబడితే ఒట్టు.

భానుమతికి సరిగ్గా పదమూడు.

ఆ రాత్రి లోడ్‌షెడ్డింగ్. కరెంటు లేక అంతా చీకటి. ఓడ వచ్చిందని లైనులో మగాళ్ళంతా డ్యూటీకి పోయారు, భానుమతి తండ్రి గోవిందరాజుతో సహా. పదిన్నరకి తల్లికి నొప్పులు మొదలయ్యాయి, నెల ముందే. కిందటిసారి ఇలాగే వచ్చి, సాయం అందేలోపు బిడ్డ దక్కలేదు. తల్లి కూడా చావు తప్పి బయటపడింది. ఇప్పుడు పక్కింటి జగ్గమ్మ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది, వదలడానికి లేదు. రూలూ లేదు గీలూ లేదు, పోయి మంత్రసాని అమ్మన్నమ్మని పిలుచుకురమ్మని భానుమతిని తరిమింది.

అమ్మన్నమ్మది లైను చివర గది. తలుపుకి తాళం. భానుమతి తాళం పట్టుకుని ఊపింది, తలుపు దబదబా బాదింది. పక్క కిటికీలోంచి ఎవరో నిద్రమత్తుగా, ఈమధ్య ముసల్ది రాత్రిళ్ళు ఎటో పోతోందనీ, ఎటని అడిగితే కసురుతోందనీ చెప్పి రెక్క మూసేసుకున్నారు.

ఇక మిగిలింది తండ్రి. ఆయనున్నది డాకు గేటు లోపల. గేటుకి దారి ఒక్కటే... కాటా గది ముందు నుంచి.

ఇంటికి వెళ్ళిపోదామనుకుంది. వెళ్ళి తల్లికి ఏం చెప్పాలి? దేవుణ్ణి తలుచుకుందామంటే ఒక్క దేవుడి పేరూ నోటికి రాలేదు. చప్పుడవుతోందని చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. బొగ్గు నుసి చల్లగా అరికాళ్ళకి అంటుకుంటోంది. గంగ మీద ఎక్కడో లాంచీ కూసి ఊరుకుంది. పది అడుగులు... అయిదు... దాటేసింది. దాటేశాననుకుంది.

వెనకాల ఏదో కదిలింది.

తిరిగి చూడకూడదనుకుంటూనే తిరిగింది. మసక వెన్నెల్లో గుమ్మంలో నిలబడి ఉంది — తెల్లగా, పై కమ్మీ తగిలేంత ఎత్తుగా. మొహం ఉండాల్సిన చోట గుడ్డ. ఒక్కో అడుగే వేస్తూ వచ్చింది. ఆగింది. ఆ గుడ్డ లోపలికీ బయటికీ... లోపలికీ బయటికీ ఆడుతోంది.

"నీకు... ఎన్నేళ్ళు?"

పదహారు అంటే వదిలేస్తుందని లైనులో పిల్లలందరికీ తెలుసు. భానుమతీ అదే అనబోయింది. కానీ అబద్ధమని తెలిసిపోతే? ఆ కోపం అమ్మ మీద చూపిస్తే? ఏడుపూ మాటా కలిసి వచ్చాయి.

"పదమూడు. నన్ను తీసుకుపోదువుగాని... ఇప్పుడు కాదు. మాయమ్మకి నొప్పులొస్తన్నాయి. అమ్మన్నమ్మ మామ్మ ఇంటికాడ నేదు. మా అయ్యకి చెప్పీసి నేనే వచ్చీస్తాను... ఒట్టు."

అది కదల్లేదు. తర్వాత ఆ గుడ్డలోంచి రెండు చేతులు పైకి లేచాయి... ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. మీద పడుతుందనుకుంది. పడలేదు. గుడ్డ జారిన చప్పుడు, వెదురుబుట్ట ఏదో నేల మీద దొర్లిన చప్పుడు.

"ఒలే గుంటా," అంది బాగా ఎరిగిన గొంతు. "ఉమ్మనీరు పోయిందేటి?"

భానుమతి కళ్ళు తెరిచేసరికి, కమిటీవాళ్ళు ఇచ్చిన తెల్ల దుప్పటినీ, ఎత్తు కోసం నెత్తిన పెట్టుకున్న బుట్టనీ కాళ్ళతో తన్నేసి, చీర మోకాళ్ళదాకా ఎగదోపుకుని అమ్మన్నమ్మ లైను వైపు పరుగెత్తుతోంది. పిల్లలు గడప దాటకుండా జడిపించమని తనని అక్కడ నిలబెట్టినవాళ్ళని నోటికొచ్చినట్టు తిడుతూ పరుగెత్తుతోంది.

తెల్లారకముందే తమ్ముడు కేరుమన్నాడు. తల్లీ గట్టెక్కింది. అంతా అయ్యాక అమ్మన్నమ్మ గోడకి జారబడి కూర్చుని, భానుమతిని దగ్గరికి లాక్కుంది.

"నువ్వు గాని నన్ను చూసి జడిసిపోయి, ఎనక్కి ఎలిపోయుంటే..." అంది. తల్లి పక్కన పడుకున్న పసివాడి వైపు చూసింది.