ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు

ప్రసాద్‌ను పిసినారి అని ఊళ్ళో ఎవరూ తిట్టరు. తిరిగి తిట్టడానికి వాడు ఒక్క మాట కూడా ఖర్చుపెట్టడని అందరికీ తెలుసు.

పడవలో లైటుకూ, జీపీయస్‌కూ ఒక్క బ్యాటరీ చాలడం లేదు. రెండోది కొనాలి. వాడు కొనలేదు. కిందటి నెల వేటకు పోయిన సుబ్బు తిరిగి రాలేదు కానీ, సుబ్బు పడవ మాత్రం బుద్ధిగా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అందులోని బ్యాటరీ ఊడదీసి, తన కొత్తదానికి జతగా కట్టాడు. ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు.

ఇసకలో వల బాగుచేసుకుంటున్న చిన్నపోలయ్య చూశాడు. ఆయన వల ఎప్పటికీ పూర్తికాదు. ఊరందరి పనులూ చూడాలి గదా.

"రేయ్, కొత్తదానికి చచ్చినదాన్ని కడితే, దీని బలమంతా అదే తాగేస్తాదిరా."

"చావలేదులే మామా. చార్జింగ్ లేదంతే."

"సుబ్బుగాడి గురించి వాడి పెళ్ళాం కూడా అట్నే చెప్తా ఉండాది."

తెల్లవారుజామున ప్రసాద్, వాడి బావమరిది మాలకొండయ్య సముద్రంలో ఉండగా మంచు దిగింది. ఒడ్డు లేదు, ఆకాశం లేదు. డీజిల్ వాసన, పడవ అడుగున నీళ్ళ చప్పుడు. జీపీయస్ ఆరిపోయింది. లైటు బీడీ నిప్పంత అయింది.

వెనక ఇంకో లైటు కనిపించింది.

"ఎవురో వస్తా ఉండారు బావా. వాళ్ళెంట పోదాం."

ఎవరో ఒకరి వెంట పోవడం మాలకొండయ్యకు అలవాటే. ప్రసాద్ మాత్రం చెవులు రిక్కించాడు. ఇంజన్ చప్పుడు లేదు. తమ లైటు తగ్గే కొద్దీ ఆ లైటు పెరుగుతోంది... దగ్గరవుతోంది...

ప్రసాద్ సుబ్బు బ్యాటరీ మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. మనిషి ఒంటిలా.

రెండు క్లిప్పులూ పీకేశాడు.

వెనక లైటు ఆరిపోయింది.

చీకటి... అలలు... పడవ అంచుకు ఆనుకుని, నీళ్ళలోంచి, మెల్లగా...

"ఎందుకు తీసినావన్నా... ఇప్పుడిప్పుడే ఒడ్డు కనపడతా ఉండింది..."

ప్రసాద్ ఆ బ్యాటరీని నీళ్ళలోకి తోసేశాడు. ఎండెక్కి మంచు విడిపోయాక ఒడ్డు చేరారు. మాలకొండయ్య ఈ సంగతి ఊరంతా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ అందులో తన ధైర్యం కాస్త పెరిగింది.

ఆనాటి నుంచీ ప్రసాద్ రాత్రి కడుపునిండా తిని పడుకుంటాడు, పొద్దునకు లేచి కూర్చునే ఓపిక ఉండదు. మసక వేళ సముద్రం మీద ఒక లైటు కనిపిస్తోంది. రోజురోజుకూ తెల్లబడుతోంది, రోజురోజుకూ దగ్గరికొస్తోంది. సుబ్బు భార్య గంగాభవాని ఇద్దరికి వండుతోంది. ఎవరికని అడిగే ధైర్యం మాలకొండయ్యకు కూడా లేదు.

ప్రసాద్ భార్య నాగులమ్మ మాత్రం రోజూ పొద్దున్నే కొబ్బరినూనె తెచ్చి, మొగుడి రెండు మణికట్లూ రుద్దుతుంది. రెంటి మీదా క్లిప్పు పళ్ళు దిగిన గుర్తులు. వాటి చుట్టూ, బ్యాటరీ టెర్మినళ్ళకు పట్టే పచ్చటి చిలుము. రుద్దితే పోతుంది.

తెల్లారేసరికి మళ్ళీ పడుతుంది.